మామ్మ ఒగ్గేసిన మూల

మా ఇంటి పక్కన ఓ ఖాళీ స్థలం ఉంది. రెండేళ్ళకోసారి చేతులు మారుతుంది తప్ప అందులో ఇల్లు లేవదు. కొత్తగా కొన్నవాళ్ళు వచ్చి ఓసారి గడ్డి కొట్టించి, హద్దురాళ్ళకి తెల్లరంగు పూయించి వెళ్ళిపోతారు. మళ్ళీ వాళ్ళ మొహం చూడం. మూడేళ్ళవుతోంది, అలాగే ఒక భాద్రపదం పొద్దున్న ఎవరో కుర్రాడు పెట్రోలు మిషను భుజాన వేసుకొచ్చి గడ్డి కొయ్యడం మొదలెట్టాడు. ఆ రొద భరించలేక వంటింటి కిటికీ మూద్దామని వెళ్ళి, రెక్క మీద చెయ్యి వేసి ఆగిపోయాను. తెగిన పచ్చిగడ్డి వాసనలోంచి ఇంకో వాసన విడిగా వచ్చి ముక్కుకి తగిలింది. తులసి కాదు, పుదీనా కాదు. రెంటికీ దూరపు చుట్టంలా ఉంటుంది గానీ ఇంకాస్త మొరటు, కొంచెం చేదు.

"తుమ్మి!" అన్నాను పైకే.

"ఎవరు తుమ్మారు?" అన్నారు హాల్లోంచి మావారు, పేపరు దించకుండానే.

విజయనగరంలో ఈ ఇంట్లోకొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళూ గోడకి అవతల తుమ్మి ఉందని నాకు తెలియలేదు. చెప్పులేసుకుని వెళ్ళి కోసిన కుప్పలో వెతికితే నాలుగైదు రెమ్మలు దొరికాయి. ఓ ఆకు నలిపి వాసన చూశాను. అరవై దాటిన మనిషిని, రిటైరైన టీచర్ని, ఆ ఎండలో నిలబడి ఆకు వాసన చూస్తుంటే మిషను కుర్రాడు ఇంజను ఆపి మరీ చూశాడు.

*

జలుమూరు దాటాక వంశధార ఒడ్డున మా తాతగారి ఊరు. అమ్మకి ఒంట్లో బాగోక నన్ను రెండేళ్ళు అక్కడే ఉంచేశారు. రెండో క్లాసు, మూడో క్లాసు అక్కడే. అందుకే సెలవులకి మాత్రమే వచ్చే పిల్లలు చూడని వానాకాలం నేను చూశాను.

తెల్లారక ముందే నూతి గిలక కిర్రుమనేది. ఆ వెనకే చెంబులో పాలు పడే చప్పుడు. మొదట ఖణఖణమని, నిండుతున్న కొద్దీ మెత్తబడేది. తర్వాత మామ్మ చీపురు. ఈనెల చీపురు మట్టినేల మీద పడుతుంటే ఓ లెక్క ఉండేది, రెండు పొడుగు, ఒక పొట్టి. నేను నులకమంచం మీద కళ్ళు మూసుకునే మామ్మ ఎంతదాకా వచ్చిందో చెప్పగలిగేదాన్ని. వాకిలి, పశువుల పాక, నుయ్యి, గడ్డికుప్ప... అక్కడ ఆగిపోయేది. గడ్డికుప్పకీ వెనక మట్టిగోడకీ మధ్య రెండు మంచాలు పట్టేంత జాగా ఉండేది. చీపురు అక్కడికొచ్చి గీత గీసినట్టు ఆగేది. ఆ గీత అవతల తుమ్మి, ఉత్తరేణి, నీలం పూల వెన్నదేవి, కుక్కవామింట. మోకాలెత్తు అడవి.

తాతకి ఆ మూల మీద కన్ను. "నాలుగు ఆనపగింజలు పెడితే గోడెక్కి కాస్తాది కదా" అనేవాడు ప్రతి వానాకాలం.

"ఒగ్గీ ఆ మూల" అనేది మామ్మ. "భూమంతా నీదేనేటి? అదొక్కటీ ఒగ్గీ."

మా వైపు కాని వాళ్ళకి చెప్పాలి, ఒగ్గేయడమంటే వదిలేయడం. పట్టించుకోకుండా వదిలేయడానికీ అదే మాట, ముట్టుకోవద్దు అనడానికీ అదే మాట. మామ్మ ఏ అర్థంలో అనేదో ఆ వయసులో నాకేం తెలుసు. పేరంటానికొచ్చిన వాళ్ళు "ఇంత సుబ్బరంగా ఉంచుతావు, ఆ మూల అలగ ఒగ్గేసినావేటప్పా?" అంటే నవ్వేసి ఊరుకునేది.

కార్తీక సోమవారాల్లో మాత్రం ఆ మూలే మా పూలబజారు. ఊళ్ళో చిన్న శివాలయం, రోజూ వచ్చే అయ్యవారు తుమ్మిపువ్వుని ద్రోణపుష్పం అనేవారు. ద్రోణం అంటే దొన్నె. పువ్వు చూస్తే ఆ పేరు ఎందుకో తెలుస్తుంది, అయితే దగ్గరగా చూడాలి. కొమ్మ పొడుగునా కణుపు కణుపుకీ ఒక ఆకుపచ్చ బంతి ఉంటుంది, గుచ్చిన పూసల్లాగా. ఆ బంతి నిండా చిన్న చిన్న పచ్చ గొట్టాలు. ప్రతి గొట్టంలోంచీ ఒక తెల్లపువ్వు బయటికి తల పెట్టి, కింది పెదవి ముందుకు చాచి ఉంటుంది. వేలిగోరు కంటే చిన్నది. కొయ్యడానికి గోళ్ళు వాడకూడదు. రెండు వేళ్ళతో తెల్ల పెదవి పట్టుకుని సన్నగా లాగితే పువ్వు ఒక్కటే జారి వస్తుంది, గొట్టం చెట్టునే ఉండిపోతుంది. గట్టిగా లాగితే బంతి మొత్తం ఊడొస్తుంది. అప్పుడు మామ్మ చూపు భరించడం కష్టం.

"గిన్నెట్టుకుని పాలు తాగమంటే గిన్నే ఇరగ్గొట్టీసినావు" అనేది.

ఆ గిన్నెలోనే విత్తనం తయారవుతుందని నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు. మామ్మకి తెలుసు. ఒక్క అక్షరం ముక్క రాదు ఆవిడకి.

గంటసేపు కోస్తే టేకాకు దొన్నె అడుగు కప్పేది. నూరు పువ్వులు కోస్తే పిల్లల గుప్పెడు. దండ గుచ్చడానికి పనికిరావు, కాడ లేదు. జడలో పెట్టుకోవడానికీ లేదు, మధ్యాహ్నానికి వడిలి గోధుమరంగుకి తిరిగిపోతాయి. శివుడికి తప్ప ఎవరికీ పనికిరాని పువ్వు అనుకునేదాన్ని. కానీ వెనకవైపు చీకితే తేనె. ఒక్క చుక్కలో పదోవంతు ఉంటుందేమో, నాలిక కొసకి తగిలీ తగలనట్టు. నేను కోస్తూ కోస్తూ చీకుతుంటే మామ్మ పట్టుకుంది ఒకసారి. కొడుతుందనుకున్నాను.

"ముందల సామికి. మరి తేనెటీగలకి. ఆటి కడుపు నిండినాక నీకు" అంది అంతే.

*

తుమ్మి అంటే నాకు ముక్కు మంట కూడా. జలుబు చేస్తే మామ్మ ఆకు నలిపి, అరచేతిలో నాలుగు చుక్కల పసరు పిండి, నా తల ఒళ్ళో పెట్టుకుని ముక్కులో వేసేది. చుక్క పడగానే కళ్ళలోంచి, నోట్లోంచి, చెవుల్లోంచి కూడా ఏదో పోతున్నట్టుండేది. వరసగా ఏడెనిమిది తుమ్ములు. "తుమ్మి ఎందుకన్నారు మరి" అని తాత పక్కన కూర్చుని నవ్వేవాడు. అది తాత సొంత వ్యుత్పత్తి, నమ్మకండి. తేలు కుట్టినా ఆ ఆకే నూరి కట్టు కట్టేవారు. ఇవన్నీ చెయ్యమని నేను చెప్పను. మా అమ్మాయి చిన్నప్పుడు దాని ముక్కులో ఒక్క చుక్కా వెయ్యలేదు నేను. తేలు కుడితే పసర్లు పెట్టుకుని కూర్చోకూడదు, ఆస్పత్రికి పరుగెత్తాలి.

సాయంత్రం పాకలో దోమలకి పొగ వేసేవారు. తడిగడ్డి, వేపాకు, ఎండిన తుమ్మి మొక్కలు. పుష్యమాసం నాటికి మొక్క దానంతటదే ఎండి కర్రలాగా నిలబడేది. మామ్మ ఆ ఎండుమొక్కల్ని పీకేటప్పుడు ఒక పని చేసేది. గుప్పెడు మొక్కలు తలకిందులుగా పట్టుకుని, ఆ మూలలోనే అటూ ఇటూ నాలుగుసార్లు దులిపి, అప్పుడు పాకలోకి తెచ్చేది. చీమల్ని దులుపుతోంది అనుకునేదాన్ని.

మామ్మ పోయి నలభై ఏళ్ళు కావొస్తోంది. తాత అంతకు ముందే పోయాడు. తర్వాత బాబాయి పెరడంతా సిమెంటు చేయించాడు. ఆ మూల ఇప్పుడు బాత్రూమ్. ఆయన్ని తప్పుపట్టడానికేం లేదు, పిన్నికి మోకాళ్ళ నొప్పులు.

*

ఇంటర్‌లో మా బాటనీ మేడం ఒకరోజు క్లాసుకి తుమ్మి మొక్క పట్టుకొచ్చారు. తలకో రెమ్మ ఇచ్చి, "కళ్ళు మూసుకుని కాండం వేళ్ళ మధ్య తిప్పండి" అన్నారు. గుండ్రంగా తిరగలేదు, నాలుగు పలకలు తగిలాయి. తులసి, పుదీనా, తుమ్మి అన్నీ ఒకే కుటుంబమని అలా వేళ్ళతో నేర్చుకున్నాను. శాస్త్రీయ నామం ల్యూకాస్ యాస్పెరా. మొదటి మాట గ్రీకు, తెలుపు అని అర్థం. రెండోది లాటిన్, గరుకు అని. తెల్లపువ్వు, గరుకాకు. మామ్మ చెప్పినా అంతకంటే బాగా చెప్పలేదు కదా అనుకున్నాను.

బ్లేడుతో పువ్వుని నిలువునా చీల్చి చూపించారు. పైపెదవి తెల్లటి నూగుతో చిన్న టోపీలా వంగి ఉంటుంది. దాని కింద నాలుగు కేసరాలు దాక్కుని ఉంటాయి, కొసల్లో నారింజరంగు చుక్కలు. తేనెటీగ కింది పెదవి మీద వాలి తల లోపలికి దూరిస్తే ఆ టోపీలోని పుప్పొడి దాని వీపుకి అంటుకుంటుంది. ఆ రోజు ఇంటికెళ్ళి మామ్మకి ఉత్తరం రాద్దామనుకున్నాను. చదివిపెట్టేవాళ్ళెవరు అని ఊరుకున్నాను. రాసుంటే బాగుండేది, బాబాయి చదివేవాడే.

*

ఉద్యోగం మొదట్లో చీపురుపల్లి వైపు పల్లెటూరి బడి. బస్సు దిగాక రెండు మైళ్ళ నడక, గట్టు మీద. దసరా దాటాక ఆ దారంతా గోగు. మనిషి ఎత్తు చేలు కోసి, కట్టలు కట్టి చెరువుల్లో నానబెట్టేవారు. ఆ కుళ్ళు వాసనకి బస్సులో కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవారు, మాకు అలవాటైపోయింది. నార తీసే ఆడవాళ్ళు నడుములోతు నీళ్ళలో నిలబడి కట్టల్ని బాదుతుంటే ఆ చప్పుడు బళ్ళోకి వినిపించేది. నేను ఎక్కాలు చెప్తుంటే పిల్లలు ఆ చప్పుడుకి తగ్గట్టు చదివేవారు. ఇప్పుడు గోగు బాగా తగ్గిపోయింది. ఎటు చూసినా మొక్కజొన్న.

ఆ గట్ల మీద రెండు వైపులా తుమ్మే. నడుస్తుంటే చీర కుచ్చిళ్ళకి రాసుకుని వాసన వచ్చేది. దాన్ని నేను పట్టించుకున్నానా? లేదు. సైకిలు చక్రానికి చుట్టుకుంటుందని మా హెడ్మాస్టారు తిట్టేవారు, అంతే దాని సంగతి. ఎప్పుడూ ఉండేదాన్ని ఎవరు చూస్తారు.

ఒక సెప్టెంబరు 5న మూడో క్లాసు కుర్రాడొకడు కాపీ పుస్తకంలో చింపిన కాగితం పొట్లం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మిగతా పిల్లలు మందారాలు, గులాబీలు తెచ్చారు. వీడి పొట్లంలో గుప్పెడు తుమ్మిపూలు. "వాసన రాదండి మేడం. తేనుంటాది" అన్నాడు. ఇంటర్వెల్లో ఎవరూ చూడకుండా రెండు చీకాను. మధ్యాహ్నానికి కాగితంలో గోధుమరంగు మరక మిగిలింది. వాడి పేరు గుర్తుంది గానీ ఇక్కడ రాయను, ఇప్పుడెక్కడో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడట.

తర్వాత్తర్వాత ఆ గట్ల మీద గడ్డిమందు కొట్టడం అలవాటైంది. మిగిలిన చోట వయ్యారిభామ వచ్చేసింది. ఇంత అందమైన పేరు ఆ మొక్కకి ఎవరు పెట్టారో గానీ, ముట్టుకుంటే దద్దుర్లు, పక్కన నిలబడితే ఆయాసం. అమెరికా ఖండపు మొక్క, 1955లో పూణే దగ్గర కనిపించిందని పుస్తకాల్లో ఉంటుంది. మనం మనదే అనుకునే గడ్డిచేమంతి కూడా అటువైపు నుంచి వచ్చిందే, కాకపోతే అది మర్యాదస్తురాలు. తుమ్మి మాత్రం ఈ నేలదే. కేరళలో ఓణం ముగ్గుల్లో తుంబపువ్వు లేకపోతే వెలితి అంటారు, అది మన తుమ్మే. తెలంగాణ వైపు వినాయక చవితికి తుమ్మికూర వండుకుంటారు. మా వైపు పశువులకి కూడా పెట్టరు.

*

ఇక ఆ భాద్రపదం సంగతి. మిషను కుర్రాడు గోడవారన ఒక అడుగు మేర కొయ్యలేక వదిలేశాడు. అక్కడ ఓ డజను మొక్కలు బతికాయి. మార్గశిరం దాకా రోజూ వెళ్ళి చూసుకున్నాను. బంతులు ఎండి గడ్డిరంగుకి తిరిగాక కాగితం కింద పట్టి, మొక్కని వంచి తట్టాను. టపటపమని రాలాయి. ఒక్కో గొట్టంలో నాలుగేసి గింజలు, నువ్వుగింజ కంటే చిన్నవి, ముదురు గోధుమరంగు. ఒక పక్క గుండ్రం, రెండో పక్క చెక్కినట్టు కోసుగా. నాలుగూ దగ్గర పెడితే ఒక్క గుండు అవుతాయి, కమలాపండు తొనల్లాగా. గొట్టం మూతి ఏటవాలుగా ఉంటుంది, చుట్టూ సన్న పళ్ళు. ఇదా మామ్మ చెప్పిన గిన్నె అనుకుంటూ, మెట్టు మీద కూర్చుని పంచాంగం చదివే భూతద్దంతో ఎంతసేపు చూశానో, పాలు పొంగిపోయాయి.

గింజలు మావారి బీపీ మాత్రల ఖాళీ డబ్బాలో పోశాను. అమ్మాయికి ఫోనులో చెప్తే, "తుమ్మ చెట్టా? ముళ్ళుంటాయి కదమ్మా, ఇంట్లో ఎందుకు?" అంది. తుమ్మ కాదే, తుమ్మి. "ఏదో ఒకటి. వైల్డ్ ఫ్లవర్స్ కావాలంటే నేను పంపిస్తానుండు" అని ఆన్‌లైన్‌లో ఓ పాకెట్టు పంపించింది. వాటిలో ఎక్కువ కాస్మోస్. అడవిపువ్వే, కాదనను, మెక్సికో అడవిది. వారానికే మొలకెత్తింది, రెండు నెలలకి పూసింది, వీధిలో అందరూ బాగుందన్నారు. నిజంగానే బాగుంది.

తుమ్మి మాత్రం మొండికేసింది. పీకినా పీకినా వచ్చే కలుపుమొక్క, నేను రమ్మంటే రానంది. మొదటి విడత సంక్రాంతి లోపే వేశాను. మంచి కుండీ, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు, వేలితో గుంటలు చేసి గుంటకి మూడేసి గింజలు పెట్టి మట్టి కప్పాను. నలభై రోజులు పొద్దునా సాయంత్రం నీళ్ళు పోశాను. ఏమీ లేదు. ఉగాదికి రెండో విడత. ఏడు మొలిచాయి. మురిసిపోయి ఇంకాస్త నీళ్ళు పోశాను. మొదలు కుళ్ళి వరసగా పడిపోయాయి. "కలుపుకి కూడా నీ చేత్తో నీళ్ళు పోస్తే చాలు, మందు కొట్టక్కర్లేదు" అన్నారు మావారు. ఆ రోజు ఆయనకి కాఫీ ఆలస్యమైంది.

విసుగొచ్చి ఆ కుండీల మట్టి కొబ్బరిచెట్టు మొదట్లో పారబోశాను. ఆషాఢంలో వానలు పడ్డ పది రోజులకి అక్కడ సన్నటి మొలకలు, పక్కపక్కనే రెండేసి ఆకులు. ఏవో అనుకున్నాను. ఇంకో రెండు ఆకులు వచ్చాక ఒకటి గిల్లి వాసన చూస్తే, అదే! లెక్కపెట్టాను, పదిహేడు. అడుగుదాకా ఎదిగి బంతులు కట్టాయి కూడా. ఆ వారం కొబ్బరికాయలు దింపే మనిషి వచ్చాడు. నేను బజారుకెళ్ళి వచ్చేసరికి కాయలు ఓ పక్క కుప్పగా ఉన్నాయి, చెట్టు మొదలు అద్దంలా ఉంది.

"పిచ్చిమొక్కలు బాగా పెరిగిపోనాయమ్మా. పీకీసినాను. దానికేటీ ఇవ్వక్కర్లేదు" అన్నాడు సంతోషంగా.

అతన్ని ఏమంటాం. పైగా వంద రూపాయలు ఎక్కువిచ్చాను, ఎందుకిచ్చానో నాకే తెలీదు. పీకిన మొక్కల్ని చెత్తలోంచి ఏరుకుని వెనక తీగ మీద ఆరేశాను. వాటిలో ముదిరినవి ఎండాక తట్టితే బీపీ మాత్రల డబ్బా సగం నిండింది. పోయిందనుకున్నదాంట్లోంచి అంత గింజ వచ్చింది.

*

మూడో ఏడు రోహిణి కార్తెలో ఓ రాత్రి కరెంటు పోయి నిద్ర పట్టలేదు. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే తాత ఎదలు జల్లడం గుర్తొచ్చింది. మా వైపు నారు పోసి నాటితే ఉభాలు అంటారు, పొడినేల మీద గింజ జల్లేస్తే ఎదలు. నువ్వులో, చోళ్ళో అయితే తాత గింజల్లో ఇసుక కలిపేవాడు. సన్నగింజ ఉత్తగా జల్లితే ఒకేచోట పడుతుందని. జల్లాక దానిమీద ఎత్తుగా మట్టి వెయ్యడు. ముళ్ళకంప ఒకటి నేల మీద ఈడ్చుకుంటూ పోతాడు, అంతే. ఆ కంప మీద కూర్చుంటానని నేను ఏడ్చేదాన్ని.

మామ్మ దులిపింది చీమల్ని కాదని ఆ రాత్రి వెలిగింది నాకు. ఏభై అయిదేళ్ళు పట్టింది.

మర్నాడు కాంపౌండు గోడ వెనక మూల శుభ్రం చేయించాను. శుభ్రం అంటే రాళ్ళూ ప్లాస్టిక్కూ ఏరించడమే. ఎరువు లేదు, తవ్వడం లేదు. నాలుగు గుప్పెళ్ళ ఇసుకలో గింజలు కలిపి జల్లాను. ముళ్ళకంప ఎక్కడ తేను, పాత చీపురు ఓసారి పైపైన ఈడ్చాను. నీళ్ళు పొయ్యలేదు. చెయ్యి ఊరుకోదు, రెండుసార్లు మగ్గు పట్టుకుని వెళ్ళి వెనక్కొచ్చాను. చీమలు వరసకట్టి కొన్ని గింజలు మోసుకుపోయాయి. పోనీ, వాటి వాటా.

మృగశిర వెళ్ళాక మొదటి గట్టి వాన. తొమ్మిదో రోజుకి నేలంతా పచ్చటి చుక్కలు. లెక్కపెట్టబోయి అరవై దగ్గర వదిలేశాను. శ్రావణం చివర్లో, ఒక శుక్రవారం అనుకుంటా, మొదటి తెల్లపువ్వు. ఎదురింటావిడ గోడ మీంచి చూసి "ఏంటండీ పిచ్చిమొక్కలు పెంచుతున్నారు, పాములొస్తాయి" అంది. నిజం చెప్పొద్దూ, నాకూ కొంచెం టెన్షనే. కర్ర పట్టుకునే వెళ్ళేదాన్ని. పాములు రాలేదు. తేనెటీగలు వచ్చాయి. ఎనిమిదింటికి ఎండ అటు తిరగగానే మొదలయ్యేవి. ఈగ వాలగానే కింది పెదవి బరువుకి వంగుతుంది, అది ఎగరగానే పైకి లేస్తుంది. ఒకేసారి అరవై మొక్కల మీద అలా వంగుతూ లేస్తూ ఉంటే మూల అంతా ఊపిరి తీస్తున్నట్టుండేది. మావారు కూడా పేపరు తెచ్చుకుని అక్కడే కూర్చోవడం మొదలెట్టారు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

దసరాకి మనవరాలు వచ్చింది. తేనె చీకించాను. "ఏం లేదు అమ్మమ్మా" అని తుపుక్కున ఉమ్మేసింది. చీమలు గింజ మోసుకెళ్ళడం మాత్రం గంటసేపు ఫోనులో వీడియో తీసుకుంది.

*

మొన్నటి కార్తీకంలో శ్రీముఖలింగం వెళ్ళాం, కారు మాట్లాడుకుని. సోమవారం తెల్లవారుజామున టార్చిలైటు వెలుగులో పూలు కోశాను. రెండు వేళ్ళతో, గిన్నెలు విరక్కుండా. తడిగుడ్డ పరిచి స్టీలు డబ్బాలో పెట్టాను. శ్రీకాకుళం దాటాక వంశధార కనిపించినప్పుడు డబ్బా మూత తీసి చూశాను, బాగానే ఉన్నాయి. గుడి దగ్గర జనం. క్యూలో గంటన్నర. మధుకేశ్వరుడి ముందుకొచ్చి మూత తీసేసరికి అడుగున గోధుమరంగు ముద్ద. అక్కడక్కడా ఏ పదో తెల్లగా మిగిలాయి.

ఆ స్వామి ఇప్పచెట్టు మొదట్లో వెలిశాడని కథ. సంస్కృతంలో ఇప్పని మధూకం అంటారు, అందుకే మధుకేశ్వరుడు. తేనెపువ్వుల దేవుడికి తేనెపువ్వులే తెచ్చానని దారంతా మురిసిపోయాను, ఇదీ నా నిర్వాకం. ఇవ్వనా వద్దా అని నిలబడితే అర్చకులు చెయ్యి చాచారు. డబ్బాలోకి చూసి, "తుమ్మా అమ్మా? ఎక్కణ్ణించి?" అన్నారు.

"విజయనగరం నుంచండీ. వడిలిపోయాయి."

"అంత దూరం నుంచా! ఏటి వేపు దిగండి, కావలసినంత ఉంది" అంటూనే ఆ ముద్ద మొత్తం తీసుకుని లోపల పెట్టారు.

దర్శనం అయ్యాక ఏటి దారి పట్టాను. ఆయనన్నట్టే ఉంది. దారికి రెండు పక్కలా, రాతిగోడల సందుల్లో, చెత్తకుప్ప పక్కన, మోకాలు దాటి ఎదిగిన తుమ్మి. ఎవరూ జల్లలేదు, ఎవరూ పీకలేదు. ఎండకి కింది బంతులు అప్పుడే రంగు తిరిగాయి. చీర కొంగు దోపి, గట్టు మీద గొంతుక్కూర్చుని ఖాళీ డబ్బా కింద పట్టి తట్టాను.

పైన కారు హారను రెండుసార్లు మోగింది. "అక్కడేం చేస్తున్నావు, డ్రైవరు తొందరపడుతున్నాడు" అని మావారి కేక.

"కాసేపు ఒగ్గీండి!" అన్నాను. ఇంకో రెండు బంతులు ఎండినవి కనిపిస్తున్నాయి, కొంచెం లోపలికి.